కరగని పైపు ఎందుకు విరిగింది?

పోయిన వేసవిలో రాయల్పాడు దగ్గర మా చిన్నాయన తోటకు వెళ్ళాను. మామిడికాయ దించే రోజులు. బోరు దగ్గర నుంచి టమోటా మడికి నీళ్ళు తీసుకుపోయే పీవీసీ పైపు ఒకటి గెనెం మీద, అదే పొలం గట్టు మీద, పడి ఉంది. నాలుగేళ్ళుగా అక్కడే, ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఉంది. దాన్ని పక్కకు జరుపుదామని చిన్నాయన కాలితో నెట్టాడు. అంతే, అప్పడం విరిగినట్టు ఫెళ్ళున విరిగింది. ముక్కను చేతిలోకి తీసుకుని చూశాను. ఎండ తగిలిన పైవైపు సున్నం పూసినట్టు తెల్లటి పొడి వేలికి అంటుకుంటోంది. నేలకు ఆనిన కిందివైపు మాత్రం కొన్న రోజున ఉన్నట్టే నున్నగా ఉంది.

“ఏం నాయనా, కెమిస్ట్రీ చదివితివి కదా. ఎండకి ప్లాస్టిక్ కరుగుతాదంటారు. ఇది కరగలేదే, విరిగిందేమి?” అని అడిగాడు చిన్నాయన.

గెనెం మీద నిలబడి ఆ మాటకు సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆయన పట్టుకున్న చోటు మాత్రం అసలైన చోటు. పీవీసీ మెత్తబడాలంటే 80 డిగ్రీల వేడి కావాలి. డ్రిప్పు పైపుల్లోని నల్ల పాలిథీన్ కరగాలంటే 110 నుంచి 120 డిగ్రీలు కావాలి. 800 మీటర్ల ఎత్తున ఉన్న మన కోలారు సీమలో మండు వేసవిలో కూడా గాలి వేడి సాధారణంగా 40 లోపే. ఎండలో పడి ఉన్న నల్ల పైపు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది కానీ, దాని వేడి 60, 65 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అంటే కరగడానికి చాలని వేడి. ఆ చాలని వేడే, ఎండ వెలుగుతో కలిసి, నాలుగేళ్ళలో పైపును పిండి చేసింది. ఎలా చేసిందో తెలియాలంటే ముందు ఆ పైపు ఎలా పుట్టిందో తెలియాలి.

కోలారు జిల్లా పేరు చెప్పగానే పట్టు, పాలు, బంగారం అంటారు. ఆ పట్టునే తీసుకుందాం. పట్టుదారం ఒక పాలిమర్. చిన్న చిన్న అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని బారుగా నిలిస్తే వచ్చే పొడవాటి గొలుసు. పట్టుపురుగు ఆ గొలుసును తన ఒంట్లో అల్లుతుంది, మనిషి ఫ్యాక్టరీలో అల్లుతాడు. ఇలాంటి పొడవాటి అణువులు నిజంగా ఉన్నాయని జర్మనీ శాస్త్రవేత్త హెర్మన్ స్టాడింగర్ 1920లో చెప్పినప్పుడు తోటి శాస్త్రవేత్తలు చాలామంది నమ్మలేదు. అవి చిన్న అణువుల కుప్పలే అన్నారు. ఆయన మాటే నిలిచింది. 1953లో నోబెల్ బహుమతి వచ్చింది.

గొలుసు అల్లే పద్ధతులు కొన్ని ఉన్నాయి. అందులో ప్రపంచమంతా ఎక్కువగా వాడే ఒక పద్ధతికి రాడికల్ పాలిమరైజేషన్ అని పేరు. పేరు పెద్దది, సంగతి చిన్నది. అణువుల్లో ఎలక్ట్రాన్లు జంటలుగా ఉంటాయి. ఏదో ఒక కారణంతో జంట విడిపోయి ఒంటరి ఎలక్ట్రాన్‌తో మిగిలిన ముక్కను రాడికల్ అంటారు. దానికి క్షణం నిలకడ ఉండదు. ఎదురుగా ఎవరు దొరికితే వాళ్ళ దగ్గర ఎలక్ట్రాన్ లాక్కుని తన జంట పూర్తి చేసుకుంటుంది. అప్పుడు అవతలిది ఒంటరి అవుతుంది. ఇప్పుడు వెతుకులాట దాని వంతు.

బడి మైదానంలో పిల్లలు ఆడే గొలుసాట గుర్తు చేసుకోండి. దొంగ ఒకరిని పట్టుకుంటే వాళ్ళిద్దరూ చేతులు కలుపుతారు, తర్వాత మూడోవాడు, నాలుగోవాడు. పట్టుకునేది ఎప్పుడూ చివర ఉన్నవాడి ఖాళీ చెయ్యే. రాడికల్ పద్ధతిలో గొలుసు పెరిగేది అచ్చం ఇలాగే. ఆటకు తొలి దొంగ కావాలి కదా. దానికి పెరాక్సైడు అనే పదార్థం చిటికెడు వేస్తారు. అందులో రెండు ఆక్సిజన్ పరమాణువుల మధ్య ఉన్న బంధం చాలా బలహీనం. 60, 70 డిగ్రీల వేడి తగిలితే చాలు, నిలువునా రెండుగా విడిపోయి రెండు రాడికల్స్ అవుతుంది. ఒక్కొక్కటీ ఒక గొలుసు మొదలుపెడుతుంది. కొద్ది సెకన్లలోనే వేల అణువులు చేతులు కలుపుతాయి. ఎక్కడో రెండు గొలుసుల ఖాళీ చేతులు ఎదురుపడితే అవి రెండూ కలిసిపోయి ఆట ముగుస్తుంది.

ఇందులో వేడి పాత్ర చూడండి. వేడి పెంచితే తొలి దొంగలు ఒకేసారి ఎక్కువమంది పుడతారు. పని వేగంగా జరుగుతుంది. కానీ దొంగలు ఎక్కువైతే వాళ్ళు ఒకరికొకరు ఎదురుపడేదీ ఎక్కువే. అందుకని గొలుసులు పొట్టిగా మిగిలిపోతాయి. ఇంకొక చేటు కూడా ఉంది. వేడిలో రాడికల్ దారి తప్పుతుంది. ఎదురుగా ఉన్న కొత్త అణువును పట్టుకోకుండా పక్క గొలుసు నడుము మీద ఉన్న హైడ్రోజన్‌ను లాగేస్తుంది, ఒక్కోసారి వెనక్కి వంగి తన గొలుసు నుంచే లాగేస్తుంది. అప్పుడు నడుము మీద కొమ్మ మొలుస్తుంది. కొమ్మ మొలిచిన ఆ కణుపు దగ్గర మిగిలిన హైడ్రోజన్‌ను తక్కిన చోట్ల కంటే సులువుగా పెరికేయవచ్చు. ఈ కణుపు మాట గుర్తుంచుకోండి. మన విరిగిన పైపు కథ అక్కడికే వస్తుంది.

1933 మార్చి నెలలో ఇంగ్లండులోని ఐసీఐ కంపెనీ ప్రయోగశాలలో ఫాసెట్, గిబ్సన్ అనే ఇద్దరు ఎథిలీన్ వాయువును 170 డిగ్రీల వేడిలో, వెయ్యి వాతావరణాలకు మించిన ఒత్తిడిలో పెట్టి ఉంచారు. తర్వాత పాత్ర తెరిచి చూస్తే గోడకు మైనంలా తెల్లటి పదార్థం అంటి ఉంది. అదే పాలిథీన్. మళ్ళీ చేయబోతే కుదరలేదు. ఒకసారి పాత్ర పేలింది. 1935లో గాని గుట్టు తెలియలేదు. లోపలికి చొరబడిన లేశమాత్రపు ఆక్సిజనే తొలి దొంగ అయి గొలుసులను మొదలుపెట్టింది. ఆక్సిజన్ పాలిథీన్‌కు పురుడు పోసిందన్నమాట. అదే ఆక్సిజన్ తర్వాత ఏం చేస్తుందో కొంచెం ముందుకు పోయాక చెబుతాను. నేటికీ కవర్లకు వాడే మెత్తని పాలిథీన్‌ను 150 నుంచి 300 డిగ్రీల వేడిలో రాడికల్ పద్ధతిలోనే చేస్తారు. అంత వేడిలో చేస్తారు కాబట్టే దాని గొలుసుల నిండా కొమ్మలు. డ్రిప్పు పైపుల పాలిథీన్‌ను ఎక్కువగా వేరే పద్ధతిలో, లోహపు ఉత్ప్రేరకాలతో చేస్తారు. కొమ్మలు దానికీ ఉన్నాయి, కాకపోతే ఒక కొలతలో ఉంటాయి.

ఇక పీవీసీ. దీని తయారీలో వేడిని ఎంత జాగ్రత్తగా పట్టి ఉంచాలో తెలిస్తే ఆశ్చర్యం వేస్తుంది. నీళ్ళలో వైనైల్ క్లోరైడు బొట్లను తేలించి, ఒత్తిడిలో ఉంచి వండుతారు. 57 డిగ్రీల దగ్గర వండితే పైపులకు పనికొచ్చే పొడవాటి గొలుసులు వస్తాయి. 70 దగ్గరికి పోతే పొట్టివి వస్తాయి. అవి పైపుకు పనికిరావు, ఇంకేవో అచ్చు వస్తువులకు పోతాయి. గొలుసు చేతులు కలిపిన ప్రతిసారీ వేడి పుడుతుంది కాబట్టి, ఆ వేడిని ఎప్పటికప్పుడు చల్లటి నీళ్ళతో తీసేయాలి. కొన్ని డిగ్రీల తేడాతో సరుకు రకమే మారిపోతుంది.

పీవీసీలో పుట్టుక లోపం ఇంకోలా ఉంటుంది. గొలుసులో ప్రతి రెండో కార్బన్ మీద ఒక క్లోరిన్ వరుసగా ఉండాలి. ఎక్కడో ఒకచోట ఒక అణువు తలకిందులుగా చేరుతుంది. ఎక్కడో ఒకచోట క్లోరిన్ పక్కనే జంట బంధం మిగులుతుంది. ఎక్కడో కొమ్మ మొలిచిన కణుపు మీద క్లోరిన్ కూర్చుంటుంది. ఇలాంటి చోట్లు వెయ్యి అణువులకు ఒకటో రెండో మాత్రమే. కానీ వేడి తగిలినప్పుడు క్లోరిన్ ఊడేది ముందు అక్కడే. ఊడుతూ పక్క హైడ్రోజన్‌ను వెంటబెట్టుకుని హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా బయటికి వస్తుంది. దాని స్థానంలో ఒక జంట బంధం మిగులుతుంది. ఆ జంట బంధం పక్క క్లోరిన్‌ను వదులు చేస్తుంది. తర్వాత దాని పక్కది. సంచి జిప్పు లాగినట్టు గొలుసు పొడుగునా ఊడుకుంటూ పోతుంది. బయటికి వచ్చిన ఆమ్లం ఈ పనిని ఇంకా తొందరపెడుతుంది. ముందు పసుపు, తర్వాత గోధుమ, చివరికి నలుపు రంగు వస్తుంది.

పైపు పోత పోయడానికి పీవీసీని 170 నుంచి 200 డిగ్రీల దాకా వేడి చేయాలి. ఏ మందూ కలపని పీవీసీలో 100 డిగ్రీల దగ్గరే జిప్పు ఊడడం మొదలవుతుంది. అందుకే స్టెబిలైజర్లు కలుపుతారు. అవి ఊడివచ్చిన ఆమ్లాన్ని మింగుతాయి, వదులైన క్లోరిన్ చోట తాము చేరి జిప్పును ఆపుతాయి. మన దేశంలో చాలా కాలం ఇందుకు సీసపు లవణాలు వాడారు. సీసం పిల్లల మెదడుకు చేసే చేటు తెలిసిందే. తాగునీటి పైపులకు, వ్యవసాయ పైపులకు సీసం వాడకాన్ని ఆపే నియమాలను కేంద్ర పర్యావరణ శాఖ 2021లో తెచ్చింది. అది చాలా ముందే రావలసింది అని నా అభిప్రాయం. పైపు కొనేటప్పుడు సీసం లేనిదేనా అని అడిగి, ఐఎస్ఐ గుర్తు చూసి తీసుకోండి.

పుట్టుకలో వేడి ఎంత ముఖ్యమో ఇంటింటా కనిపించే ఉదాహరణ ఇంకొకటి ఉంది. తాతయ్య పళ్ళసెట్టు. ఆ గులాబిరంగు చిగురు అక్రిలిక్ అనే పాలిమర్. పళ్ళ డాక్టరు దగ్గర కొలత తీసుకున్నాక, ల్యాబులో పొడిని, ద్రవాన్ని కలిపి ముద్ద చేసి అచ్చులో పెడతారు. పొడిలో పెరాక్సైడు ఉంటుంది. అచ్చును 74 డిగ్రీల నీళ్ళలో ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా ఉంచుతారు. తొందరపడి నేరుగా మరిగే నీళ్ళలో వేస్తే ఏమవుతుంది? ఆ ద్రవం సుమారు 100 డిగ్రీలకే మరిగిపోతుంది, చిగురు లోపల బుడగలు నిలిచిపోతాయి, సెట్టు తొందరగా విరుగుతుంది. వేడి చాలకపోతే గొలుసులో చేరని ద్రవం మిగిలిపోయి నోరు మండుతుంది. ఇంట్లో పళ్ళసెట్టును శుభ్రమవుతుందని సలసల కాగే నీళ్ళలో వేసే అలవాటు కొందరికి ఉంది. వద్దు, చెప్పి మాన్పించండి. సెట్టు వంకర పోతుంది.

ప్లాస్టిక్ పుట్టుకతోనే ముడిపడిన, మన జిల్లాకే గర్వకారణమైన ఒక సంగతి ఇప్పుడు. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల్లో, ఛాంపియన్ రీఫ్ గని ప్రపంచంలోనే లోతైన గనుల్లో ఒకటి. మూడు కిలోమీటర్లకు పైగా లోతు. అంత అడుగున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఎండలో పడి ఉన్న నల్ల పైపుకు ఉన్నంత వేడి అన్నమాట. ఆ వేడిలో మన తాతల తరం తెలుగువాళ్ళు, తమిళులు పక్కపక్కనే నిలబడి బంగారం తవ్వారు. అదే గనిలో 2.3 కిలోమీటర్ల లోతున 1960లలో టాటా పరిశోధన సంస్థ వాళ్ళు, జపానులోని ఒసాకా నగర విశ్వవిద్యాలయం, ఇంగ్లండులోని డర్హం విశ్వవిద్యాలయం వాళ్ళతో కలిసి ఒక ప్రయోగం పెట్టారు. పై నుంచి వచ్చే ఇతర కణాలను దాదాపు అన్నిటినీ ఆ రాయి అడ్డుకుంటుంది. దేన్నీ లెక్కచేయకుండా భూమినే దాటి వచ్చే న్యూట్రినో అనే కణం జాడ మాత్రం అక్కడ చిక్కుతుంది. 1965లో చిక్కింది. గాలిపొరలో పుట్టిన న్యూట్రినోల జాడను ప్రపంచంలో మొదట ప్రకటించింది మన కేజీఎఫ్ నుంచే.

ఆ జాడను పట్టిన కన్ను ఏమిటో తెలుసా? ప్లాస్టిక్. సింటిలేటర్లు అనే ప్లాస్టిక్ పలకలు. కణం పలకలోంచి దూసుకుపోతే చిన్న వెలుగు మెరుస్తుంది. ఆ మెరుపును పట్టే గొట్టాలు పక్కన ఉంటాయి. ఇలాంటి పలకలను సాధారణంగా పాలీస్టైరీన్‌తోనో దాని దగ్గరి చుట్టంతోనో చేస్తారు. స్టైరీన్‌కు ఒక విశేషం ఉంది. తొలి దొంగను బయటి నుంచి తేనక్కర్లేదు. వేడి చేస్తే చాలు, తనలో తానే రాడికల్స్ పుట్టించుకుని గొలుసు కడుతుంది. అందుకని పలక పోసేవాళ్ళు ద్రవాన్ని శుద్ధి చేసి, అచ్చులో పోసి, రోజుల తరబడి మెల్లగా వేడి పెంచి, మళ్ళీ రోజుల తరబడి మెల్లగా చల్లారుస్తారు. తొందరపడితే పలకలో లోపలి బిగువు మిగిలిపోతుంది, కొన్నాళ్ళకు సన్నటి పగుళ్ళు లేస్తాయి. గొలుసు కట్టని ద్రవం మిగిలినా పగుళ్ళే. వేలిముద్రలోని నూనె అంటినా పగుళ్ళే, అందుకే చేతులకు తొడుగులు వేసుకుని పట్టుకుంటారు. 70 డిగ్రీల దగ్గర పలక మెత్తబడుతుంది. వేడికీ గాలికీ ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. పసుపెక్కితే మెరుపు లోపలే ఆగిపోతుంది, గొట్టం దాకా చేరదు. ఎంతో ఓర్పుతో వండిన పలకలు కాబట్టే అంత చిన్న మెరుపును మోయగలిగాయి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పుడు లోపల నీళ్ళు నిండి ఉన్నాయి.

పుట్టుక సంగతి అయింది. ఇక పైపు విరగడం దగ్గరికి వద్దాం.

వేరుశెనగ నూనె డబ్బా మూత తీసి పొయ్యి పక్కన పెట్టి మరిచిపోతే ఏమవుతుంది? కనరు వాసన వస్తుంది. పైపు విరగడానికి, నూనె కనరెక్కడానికి కారణం ఒకటే. రెండూ పొడవాటి కార్బన్ గొలుసులే. ఏదో ఒక చోట హైడ్రోజన్ ఊడి గొలుసు నడుము మీద రాడికల్ పుడుతుంది. కొమ్మ మొలిచిన కణుపు చెప్పాను కదా, ఎక్కువగా ఊడేది అక్కడే. గాలిలో ఆక్సిజన్ వెంటనే వచ్చి అతుక్కుంటుంది. ఇప్పుడు ఆ ఆక్సిజన్ కొస రాడికల్ అయి పక్క గొలుసు హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. దాంతో ఒక పెరాక్సైడు తయారవుతుంది, పక్క గొలుసు మీద కొత్త రాడికల్ పుడుతుంది. ఆ పెరాక్సైడు వేడికో ఎండకో రెండుగా పగిలితే మరి రెండు రాడికల్స్. ఒకటి రెండైంది, రెండు నాలుగవుతాయి. ఆ గొడవలో ఎక్కడో ఒక గొలుసు నడుము తెగుతుంది. గొలుసులు పొట్టివైన ప్లాస్టిక్‌కు వంగే గుణం పోతుంది, పెళుసు మిగులుతుంది. 1940లలో ఇంగ్లండులో బోలాండ్, గీ అనే ఇద్దరు రబ్బరు ముదిరిపోవడాన్ని పరిశోధిస్తూ ఈ వరుసను విప్పి చూపారు.

ఫ్యాక్టరీలో గొలుసును అల్లడానికి చిటికెడు పెరాక్సైడు వేశాం. పొలంలో గొలుసును తెంపడానికి పెరాక్సైడు తనంతట తానే పుడుతోంది. అల్లిన చెయ్యీ అదే, తెంపే చెయ్యీ అదే. నేను చదివిన కెమిస్ట్రీలో ఇంత అందమైన, ఇంత భయం కలిగించే సంగతి ఇంకొకటి లేదు.

వేడి ఇక్కడ ఏం చేస్తుందో ఒక మోటు లెక్క చెబుతాను. ఇలాంటి మార్పుల వేగం పది డిగ్రీలకు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. నీడలో 30 డిగ్రీలున్న పైపు ఎండలో 60కి చేరిందనుకోండి. 40కి రెండింతలు, 50కి నాలుగింతలు, 60కి ఎనిమిదింతలు. ఆ వేడే ఎప్పుడూ నిలిచి ఉంటే, నీడలో ఎనిమిదేళ్ళలో జరిగేది ఒక్క ఏడాదిలో అయిపోతుంది. ఇది వేడి ఒక్కటే చేసే పని. ఎండలో వేడితో పాటు వెలుగు ఉంది, అది ఇంకా బలమైన గొడ్డలి.

ఎండలోని అతినీలలోహిత కిరణాలకు కార్బన్ బంధాన్ని తెంపగల శక్తి ఉంది. అయితే మచ్చలేని పాలిథీన్ ఆ కిరణాలను పట్టుకోదు, దాటిపోనిస్తుంది. పట్టుకునేవి దానిలోని మచ్చలు. పుట్టినప్పుడు మిగిలిన జంట బంధాలు, పోత పోసేటప్పుడు 200 డిగ్రీల వేడిలో ఆక్సిజన్ అంటిన చోట్లు, ఉత్ప్రేరకం వదిలిన లోహపు నలుసులు. గోడ ఎంత గట్టిదైనా వాన నీరు దిగేది పగులు ఉన్న చోటనే. ఎండ కూడా గొలుసులోకి ఆ మచ్చల గుండానే దిగుతుంది. ఒకే ఎండలో పక్కపక్కనే పడి ఉన్న రెండు పైపుల్లో ఒకటి మూడేళ్ళకే పోయి ఇంకొకటి పదేళ్ళు నిలవడానికి ఒక కారణం ఇదే.

వెలుగుతో రాడికల్స్ పుట్టించి పరిశోధించిన వాళ్ళలో మన దగ్గరి పేరు ఒకటి ఉంది, ముషి శాంతప్ప. మద్రాసు విశ్వవిద్యాలయంలో పాలిమర్ కెమిస్ట్రీని పెంచినవారు. 1967లో భట్నాగర్ బహుమతి అందుకున్నారు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికీ ఉపకులపతిగా పనిచేశారు. 1950ల తొలినాళ్ళలో మాంచెస్టరులో ఇవాన్స్, యూరి అనేవారితో కలిసి, ఇనుము వంటి లోహపు అయాన్లున్న నీళ్ళ మీద వెలుగు పడేసి రాడికల్స్ పుట్టించి, వాటితో గొలుసులు కట్టించారు. ఇనుము, వెలుగు కలిస్తే రాడికల్ పుడుతుంది. ఈ ముక్క మన రైతుకు నేరుగా పనికొస్తుంది. పాలీహౌస్ కట్టినవాళ్ళను అడగండి, పైకప్పు షీటు ముందుగా ఎక్కడ చిరుగుతుందో చెబుతారు. ఇనుప పైపుకు ఆనిన చోట. అక్కడ ఇనుము కాగి షీటును కాలుస్తుంది, తుప్పులోని ఇనుము వెలుగుతో కలిసి రాడికల్స్‌ను పుట్టిస్తుంది. షీటు ఆనే చోట పైపుకు తెల్ల రంగు వేయండి. రంగు వెలుగును వెనక్కి కొట్టి ఇనుమును చల్లగా ఉంచుతుంది, తుప్పును షీటుకు తగలనివ్వదు. ఇంకొక మాట. బూడిద తెగులుకు గంధకం చల్లుతాం కదా, గంధకం షీటులో కలిపిన రక్షక మందును చంపేస్తుంది. పాలీహౌస్ లోపల గంధకం తగ్గించి వాడితే షీటు ఇంకొన్ని పంటలు నిలుస్తుంది.

డ్రిప్పు పైపు నల్లగా ఎందుకుంటుందో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. అది కార్బన్ బ్లాక్, మన దీపపు మసి వంటిది. వెలుగును లోపలికి పోనివ్వకుండా పైపొరలోనే మింగేస్తుంది, పుట్టిన రాడికల్స్‌ను కూడా పట్టేస్తుంది. భారత ప్రమాణం ప్రకారం డ్రిప్పు లేటరల్ పైపులో ఇది రెండు నుంచి మూడు శాతం ఉండాలి. తక్కువ వేస్తే ఎండ లోపలికి దిగుతుంది. సరిగ్గా కలపకపోతే చారలు చారలుగా పగుళ్ళు వస్తాయి. నలుపు వల్ల పైపు కాగుతుంది, నిజమే. కానీ వెలుగు చేసే చేటు ముందు ఆ అదనపు వేడి చిన్నది. తెల్ల పీవీసీలో ఆ కాపలా పని టైటానియం డయాక్సైడు చేస్తుంది. పైపు ఎప్పుడూ మట్టి కిందే ఉంటుందని లెక్క వేసి దాన్ని తగ్గించి వేస్తారు. మట్టి కింద పెట్టవలసిన పైపును మనం గెనెం మీద పెట్టాం. చిన్నాయన పైపు మీది తెల్లపొడి ఎక్కడిదో తెలిసింది కదా, పీవీసీ పోగా మిగిలిన, పైపులో కలిపిన సుద్ద, టైటానియం డయాక్సైడు.

కృషి హొండలకు, అంటే పొలంలో వాన నీళ్ళు నిలిపే కుంటలకు, పరిచే షీటు, టమోటా మడికి పరిచే మల్చింగ్ షీటు, కాయలు నింపే క్రేట్లు, అన్నిటిదీ ఇదే కథ. హొండలో నీళ్ళు ఉన్నంత మేర షీటు తొందరగా చెడదు. నీటి మట్టం పైన, ఎండకు బయటపడిన అంచు ముందు పగులుతుంది. అంచు మీద మట్టి కప్పితే హొండ ఆయువు పెరుగుతుంది. మల్చింగ్ షీటు సాధారణంగా 25 మైక్రాన్ల మందమే కాబట్టి ఒకటి రెండు పంటలకే పొరలు పొరలుగా ఊడుతుంది. అప్పుడు దాన్ని మట్టిలో కలిపి దున్నేయకండి. గొలుసులు తెగినంత మాత్రాన ప్లాస్టిక్ మట్టి అయిపోదు, చిన్న ముక్కలవుతుంది. ఆ ముక్కలు మీ మనవళ్ళ కాలానికీ ఆ మడిలోనే ఉంటాయి. చేతితో విరిచేంత పెళుసెక్కకముందే చుట్టి బయటికి తీయాలి.

ఇక కాల్చడం గురించి కొంచెం కటువుగానే చెబుతాను. పాత పైపు ముక్కలు, షీట్లు గట్టు మీద కుప్పేసి నిప్పు పెట్టడం మన ఊళ్ళల్లో ఇంకా ఉంది. పీవీసీ కాలితే ఇందాక చెప్పిన జిప్పు ఒక్కసారిగా ఊడి హైడ్రోక్లోరిక్ ఆమ్లం పొగగా వస్తుంది. దానితో డయాక్సిన్లనే విషాలు కూడా పుడతాయి. అవి పశువు పాలలోకి వస్తాయి, పిల్లల ఒంట్లోకి పోతాయి. పాలకు పేరుపడ్డ జిల్లాలో ఈ పని ఎవరూ చేయకూడదు.

చిన్నాయన ఆ తర్వాత మెయిన్ పైపు పొడుగునా రెండు అడుగుల లోతున కాలువ తవ్వించి, కొత్త పైపు పరిచి మట్టి కప్పాడు. మిగిలిన పైపులను చింతచెట్టు కింద వేసి పైన కొబ్బరిమట్టలు కప్పాడు. వినేవాళ్ళలో మీ పైపులు ఇంకా గెనెం మీదే ఉంటే, ఎండలు ముదరకముందే వాటిని మట్టి కిందికి దించండి. దానికి ఒక పార, రెండు రోజుల కూలి ఖర్చు అవుతాయి.